పట్టిన గుడ్డని ఉతకొద్దూ! – చేపల తొట్టె వడపోతపై ఒక సింహావలోకనం

గోదావరికి ఎర్రనీరు తగిలిందని తెలియగానే మా అమ్మ చేసే మొదటి పని కుళాయికి గుడ్డ కట్టడం. అరిగిపోయిన నేతచీర చెంగులోంచి జానెడు ముక్క చింపి, మడతలు వేసి, పురికొసతో బిగించి కట్టేది. మూడోనాటికి ఆ గుడ్డ ఇటికె రంగుకి తిరిగి, అడుగున ఉసిరికాయంత బొడిపె కట్టి వేలాడేది. నీళ్లు సన్నటి ధారగా దిగినా చూడ్డానికి తేటగానే ఉండేవి. "గుడ్డ బాగా పడుతోంది వదినా, ఇంకో వారం ఉంచెయ్" అని పక్కవాటా అత్తయ్య అంటే అమ్మ ఒప్పుకొనేది కాదు. "పట్టిన గుడ్డని ఉతకొద్దూ వదినా! ఆ బురదలోంచేగా మనం తాగే నీళ్లు దిగేది" అంటూ విప్పేసి, తిరగేసి, చాకిరేవు బండ మీద బాదినట్టు బాదేది.

హైదరాబాదు ఫ్లాట్లో రెండడుగుల చేపల తొట్టె పెట్టుకుని, దాని ఫిల్టర్‌తో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాక గానీ ఆ మాట విలువ నాకు తెలియలేదు. వడపోత మురికిని పోగొట్టదు, ఒకచోట పోగేస్తుంది. అక్కణ్ణుంచి దాన్ని ఎత్తి పారబోయడం వేరే పని. ఇంట్లో గాజుతొట్టెలో చేపలు పెంచడం మొదలైన ఈ నూటెనభై ఏళ్లలో మనిషి మళ్లీ మళ్లీ మరిచిపోయింది ఈ రెండో పనినే.

చేపల్ని ముచ్చటకి పెంచుకోవడం అంతకన్నా చాలా పాతది. రోమన్ సేనాని లుకుల్లస్ తన చేపల కొలనులోకి సముద్రపు నీరు రావాలని నేపుల్స్ దగ్గర కొండనే తొలిపించాడు. డబ్బున్నవాడి పరిష్కారం అది. మురుగు సంగతి సముద్రం చూసుకుంటుంది! చైనావాళ్లకి గోల్డ్‌ఫిష్ పిచ్చి పట్టిననాటికి చేపలు పింగాణీ తొట్టెల్లోకి వచ్చేశాయి. తొట్టెకి ఆటుపోట్లు ఉండవు కదా! 1596లో జాంగ్ చియాన్‌ద అనే ఆయన ఎర్రచేపల పెంపకం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. తొట్టె అడుగున చేరిన మలాన్ని, మేత నలకల్ని వెదురు గొట్టంతో ఎప్పటికప్పుడు పీల్చి తీసెయ్యాలంటాడు అందులో. ఇప్పుడు షాపుల్లో సైఫన్ పేరుతో అమ్మే ప్లాస్టిక్ గొట్టం చేసే పని సరిగ్గా అదే. నాలుగు శతాబ్దాల కిందటి ఆ వెదురు గొట్టాన్ని మించిన పనిముట్టు ఇంటి అక్వేరియానికి ఇప్పటికీ రాలేదని నా నమ్మకం. దానికి కరెంటు అక్కర్లేదు. పైగా అది మురికిని తొట్టె బయటికే తెస్తుంది, లోపల ఇంకోచోట దాచదు.

అసలు కథ లండన్‌లో 1829లో మొదలవుతుంది. ఒకే ఊళ్లో, ఒకే ఏడాది, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సంగతులు జరిగాయి. నథానియల్ వార్డ్ అనే డాక్టరు స్ఫింక్స్ మాత్ ప్యూపా ఒకదాన్ని తడిమట్టితో సహా గాజుసీసాలో మూతపెట్టి ఉంచాడు. అది ఎప్పుడు విచ్చుకుంటుందా అని చూస్తుంటే, ఆ మట్టిలో ఎవరూ నీళ్లు పొయ్యకుండానే ఒక ఫెర్న్ మొక్క మొలిచింది. మూసిన గాజులో ప్రాణం తనని తాను నిలబెట్టుకోగలదన్న ఊహ అక్కణ్ణుంచి పుట్టింది. ఆ ఏడాదే థేమ్స్ ఒడ్డున చెల్సీ నీటి కంపెనీ ఇంజనీరు జేమ్స్ సింప్సన్ ఇసుక, గులకరాళ్లు పొరలు పొరలుగా పరిచి, నదినీటిని మెల్లగా వాటిలోంచి దింపే పెద్ద వడపోత మడి కట్టాడు. ఒకటి సమతూకపు దారి, రెండోది వడపోత దారి. అక్వేరియం చరిత్రంతా ఈ రెండు దారుల మధ్య ఊగిసలాటే.

1846లో వెస్ట్‌మినిస్టర్‌లో ఆనా థిన్ అనే ఆవిడ సముద్రం నుంచి పగడపు జీవుల్ని తెచ్చి ఇంట్లో బతికించింది. సముద్రపు నీరు రోజూ దొరికేది కాదు గనుక ఉన్న నీళ్లనే తెరిచిన కిటికీ ముందు ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి తిరగబోయించేది. ఆ పోయడం రోజూ అరగంట, ముప్పావుగంట సాగేది. పోసేది ఇంట్లో పనిమనిషి. మన కాఫీ హోటల్లో టీ మాస్టరు చెయ్యెత్తి టీ తిరగబోసినట్టు అన్నమాట. చరిత్రలో మొదటి అక్వేరియం ఎయిర్ పంపు ఆ పనిపిల్ల చేతులే. ఆమె పేరు మాత్రం చరిత్రకి ఎక్కలేదు.

నాలుగేళ్ల తర్వాత 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనవేత్త తన ప్రయోగాన్ని లండన్ కెమికల్ సొసైటీకి నివేదించాడు. రెండు చిన్న గోల్డ్‌ఫిష్, వాలిస్‌నేరియా నీటిగడ్డి ఉన్న తొట్టె అది. మొక్క ప్రాణవాయువు ఇస్తుంది, చేప వదిలింది మొక్కకి ఎరువవుతుంది. అంతా బాగానే ఉందనుకునేసరికి గడ్డి ఆకులు కుళ్లి నీరు చిక్కబడింది, గాజుకి పాచి పట్టింది. అప్పుడాయన చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకుల్ని, పాచిని తినేశాయి. నత్త గుడ్లు చేపకి మేతయ్యాయి. కథ చక్కగా కుదిరింది. నా దృష్టిలో మాత్రం అందులో అసలు సంగతి నత్తలే. సమతూకం అన్నది మొదలైన కొన్ని వారాలకే మురికి దగ్గర బెడిసింది, దాన్ని ఎత్తడానికి పాకీపనివాణ్ణి పిలవాల్సి వచ్చింది.

1853లో లండన్ జూలో చేపల గృహం తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' పుస్తకంతో ఆ మాటని ఇంటింటి మాట చేశాడు. పేరున్న ప్రతి డ్రాయింగు రూములోకీ గాజుతొట్టె వచ్చింది. నీళ్లు మార్చనక్కర్లేదని పుస్తకాలు ఊరించాయి. విచిత్రం చూడండి. 1852లో చేసిన చట్టం ప్రకారం 1855 చివరికల్లా లండన్ నీటి కంపెనీలు ఇళ్లకిచ్చే నీటిని వడపోసి తీరాలి. అంటే కుళాయి నీటికి ఇసుక మడి తప్పనిసరి అయిన రోజుల్లోనే, ముందుగదిలో చేపలు తమ మురుగులో తామే ఈదుతూ ప్రకృతి సమతూకాన్ని నిరూపించాల్సి వచ్చింది. చాలా తొట్టెలు నిరూపించలేకపోయాయి. పదేళ్లు తిరక్కుండానే ఆ మోజు వాడిపోయింది.

నిలబడినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. లండన్‌లో సముద్రజీవులు అమ్మే కొట్టు పెట్టినవాడు, తర్వాత ప్రజా అక్వేరియాలకి రూపశిల్పి అయ్యాడు. 1864లో హాంబర్గ్‌లో, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఆయన కట్టినవాటి కీలకం జనం చూసే గాజువెనక లేదు, నేలమాళిగలో ఉంది. పైన చూపే నీటికి కొన్ని రెట్లు నీరు కింద చీకటి తొట్టెల్లో ఉండేది. ఆవిరి యంత్రం ఆ నీటిని రాత్రింబవళ్లు తిప్పుతుండేది. చీకట్లో పాచి బతకదు, నలక అడుగున దిగుతుంది. ఇవాళ అక్వేరియం కింద బీరువాలో దాచే 'సంప్' తొట్టెకి ఇదే పూర్వజన్మ.

హాంబర్గ్ అన్నాం కాబట్టి కాస్త ఆగాలి. ఆ ఊరు 1892 నాటికీ ఎల్బే నదినీటిని వడపోయకుండానే తాగుతోంది. పక్కనే కలిసిపోయినట్టుండే ఆల్టోనా పట్టణం హాంబర్గ్ మురుగు కలిశాక దిగువన తోడిన అదే నీటిని ఇసుక మడుల్లో వడపోసి తాగేది. ఆ ఏడాది కలరా వచ్చి హాంబర్గ్‌లో ఎనిమిదివేల మందికి పైగా చనిపోయారు. ఆల్టోనా దాదాపుగా తప్పించుకుంది. చేపలకి నీరు తిప్పే ఏర్పాటు ఇరవై ఎనిమిదేళ్ల ముందే చేసుకున్న ఊరు మనుషులకి ఇసుక మడి కట్టుకోలేకపోయిందని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఆల్టోనాని కాపాడింది ఒట్టి ఇసుక కూడా కాదు. ఇసుక పైన కొన్నాళ్లకి జిగురుగా ఒక పొర కడుతుంది. జర్మన్లు దాన్ని 'ష్ముట్జ్‌డెకె' అంటారు, మురికి దుప్పటి అని అర్థం. నలకని పట్టేదీ అదే, సూక్ష్మజీవుల్ని తినేదీ అదే. పొర మరీ మందమైతే నీరు దిగదు, గీకెయ్యాలి. గీకిన కొన్నాళ్లు వడపోత సరిగా ఉండదు.

ఇసుకలో అసలు పని చేసేదెవరన్న ముడి విప్పినవాళ్లు చేపల పెంపకందారులు కారు. 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంట్జ్ మురుగునీటిని ఇసుక స్తంభంలోంచి మెల్లగా దింపుతుంటే కొన్నాళ్లకి అందులో అమ్మోనియా నైట్రేటుగా మారడం కనిపించింది. క్లోరోఫాం ఆవిరి తగిలించగానే ఆ పని ఆగిపోయింది. అంటే చేసేది ఇసుక కాదు, ఇసుకని పట్టుకున్న ప్రాణి. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఆ సూక్ష్మజీవుల్ని విడదీసి చూపించాడు. ఈ సమాచారమంతా పుస్తకాల్లో ఉండగానే ఇంటి అక్వేరియం వాళ్లు మరో అరవై డెబ్బై ఏళ్లు ఫిల్టర్ అంటే చెత్తబుట్ట అనే అనుకున్నారు.

కరెంటు ఇళ్లలోకి వచ్చాక ఎయిర్ పంపు వచ్చింది. దాని వెంటే మూల ఫిల్టర్ వచ్చింది. పారదర్శకమైన చిన్న డబ్బా, అందులో గాజు ఊలు, కాస్త బొగ్గు, మధ్యలో గొట్టం. బుడగలు పైకి లేస్తుంటే గొట్టంలోని నీరు తేలికై వాటితోపాటు లేస్తుంది, ఆ వెలితిని పూరించడానికి మురికినీరు ఊలులోంచి లోపలికి వస్తుంది. ఇంత చవకైన, ఇంత తెలివైన ఏర్పాటు ఇంకోటి లేదు. గాజు ఊలు మాత్రం చేతివేళ్లలో గుచ్చుకునేది, చేపల మొప్పల్లోనూ చిక్కుకునేది. పాలిస్టర్ ఊలు వచ్చాక ఆ బాధ వదిలింది. ఇవాళ షాపులో ఒక కట్ట కొంటే దిండులోని దూదిలా కనిపించేది అదే.

తర్వాత 1950ల నుంచి కంకర కింది ఫిల్టర్ రాజ్యమేలింది. మన ఇళ్లలో అక్వేరియం చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అడుగున చిల్లుల ప్లాస్టిక్ పలక, దానిమీద నీలం, గులాబీ రంగు కంకర, రెండు మూలల్లో నిలువు గొట్టాలు, నోరు తెరిచి మూసే ఆల్చిప్ప బొమ్మ. నీరు కంకరలోంచి కిందికి దిగి గొట్టాల్లోంచి పైకొస్తుంది. పైకి ఎంత తేటగా ఉండేదో! పలక ఎత్తితే మాత్రం కింద నల్లటి అడుసు, కుళ్లిన కోడిగుడ్డు కంపు. మురికి ఎక్కడికీ పోలేదు, తివాచీ కిందికి ఊడ్చినట్టు దాక్కుంది. ఈ వ్యవస్థని తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్. న్యాయం చెప్పాలంటే కంకర నిండా సూక్ష్మజీవులకి చోటిచ్చి లక్షల చేపల్ని బతికించింది అదే. చిక్కల్లా ఒకే పరుపుని వడగట్టే గుడ్డగానూ, సూక్ష్మజీవుల కాపురంగానూ వాడడంలో వచ్చింది. గుడ్డని ఉతకాలి. కాపురాన్ని కదపకూడదు.

ఈ రెండింటినీ వేరు చెయ్యడానికి వీలిచ్చింది డబ్బా ఫిల్టర్, షాపు భాషలో కానిస్టర్. జర్మనీలో గుంథర్ ఐహైమ్ 1963లో తెచ్చిన ఫిల్టర్ నీటిని తొట్టె బయటికి పీల్చి, మూసిన పాత్రలో పొరలుగా పేర్చిన సరుకులోంచి నడిపి, తిరిగి పంపింది. వరస కుదిరింది. ముందు ముతక స్పాంజి, తర్వాత సన్న స్పాంజి, ఆ తర్వాత ఊలు, అన్నీ దాటాక సూక్ష్మజీవులుండే పింగాణీ గుల్లలు. చెత్త అక్కడిదాకా చేరకూడదన్నది ఏర్పాటు. 1970లో స్టీఫెన్ స్పాట్ మూసిన వ్యవస్థల్లో నీటి నిర్వహణ మీద రాసిన పుస్తకంతో యాంత్రిక, జీవ, రసాయన వడపోతలని మూడుగా విడదీసి మాట్లాడడం పెంపకందారులకి అలవాటైంది. అప్పటికే ఇంకో చివర అమెరికా సైన్యం రెండో ప్రపంచయుద్ధంలో జిగట విరేచనాల అమీబాని ఆపడానికి వాడిన డయాటమ్ మట్టి వడపోత కూడా చేపల తొట్టెల్లోకి దిగింది. అది నీటిని స్ఫటికంలా చేస్తుంది, కాసేపట్లోనే పూడుకుపోతుంది. అందుకే నెలకోసారి వచ్చే చుట్టంలా వాడేవారు.

చిల్లు ఎంత సన్నమైతే అంత మేలు కదా అనిపిస్తుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అక్వేరియంలో వాడే సంచి ఫిల్టర్లు 100, 200 మైక్రాన్లవి. బాక్టీరియా ఒకటి రెండు మైక్రాన్లు, అంటే గుడ్డకి దొరకదు. మరి మా అమ్మ గుడ్డ చేసిందేమిటి? 2003లో రీటా కోల్వెల్ బృందం బంగ్లాదేశ్‌లో 65 పల్లెల్లో చేసిన అధ్యయనం దీనికి జవాబు చెప్పింది. మడతపెట్టిన చీరగుడ్డతో నీరు వడగట్టుకున్న ఇళ్లలో కలరా 48 శాతం తగ్గింది. కలరా క్రిమి గుడ్డ కన్నంలోంచి జారిపోయేదే, కానీ అది నీటిలోని చిన్న చిన్న జీవుల్ని పట్టుకుని ఉంటుంది, ఆ జీవులు మాత్రం గుడ్డకి చిక్కుతాయి. ఉతికి ఉతికి పోగులు విచ్చుకున్న పాతచీర కొత్తచీర కన్నా బాగా పనిచేసింది. స్పాంజి సంగతీ అంతే. కొంచెం మురికి పట్టాక దాని కన్నాలు ఇరుకై ఇంకా సన్న నలకని ఆపుతుంది. అక్కడితో ఆగితే బాగుండును. ఆగదు. పూడుకున్నకొద్దీ ధార తగ్గుతుంది, నీరు అంచుల్లోంచి అడ్డదారి వెతుక్కుంటుంది, లోపల పట్టిన మలం కుళ్లి ప్రాణవాయువు తాగేస్తూ అమ్మోనియా వదులుతుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. చేప వదిలే అమ్మోనియాలో ఎక్కువ భాగం మొప్పల్లోంచి నేరుగా నీటిలో కరుగుతుంది. దాన్ని ఏ స్పాంజీ పట్టలేదు. యాంత్రిక వడపోత చెయ్యగలిగింది మలం, మిగిలిన మేత, రాలిన ఆకు కుళ్లేలోపు వాటిని ఒకచోట చేర్చడం. మనం ఆ లోపు తీసేస్తే అంతమేరకు అమ్మోనియా పుట్టనే పుట్టదు. తీయకపోతే ఫిల్టర్ ఉన్నా లేనట్టే.

1986లో జార్జ్ స్మిట్ అమెరికన్ పత్రికలో పరిచయం చేసిన డచ్ పద్ధతి, ప్లాస్టిక్ సరుకు మీద నీటిని చినుకులుగా కురిపించేది, పగడాల పెంపకందారుల్ని ఊపేసింది. కొన్నేళ్లకి ఆ సరుకు మధ్య అడుసు చేరి నైట్రేట్ల కార్ఖానా అని తిట్టించుకుంది. మళ్లీ అదే తప్పు. విసిగినవాళ్లు సమతూకపు దారి పట్టారు. జకార్తాలో లీ చిన్ ఎంగ్ ఫిల్టర్ లేకుండా సజీవ శిలలతో సముద్రపు తొట్టె నడపొచ్చని 1961లోనే రాశాడు, ఆయన మాట ఇన్నాళ్లకి తలకెక్కింది. మంచినీటి వైపు 1999లో డయానా వాల్‌స్టాడ్ మట్టి, మొక్కల మీద భారం వేసి వారింగ్టన్ దగ్గరికి తిరిగి నడిచింది. ఇంకోవైపు మురికి పట్టిన గుడ్డని తనంతట తానే చుట్టేసుకుని కొత్తగుడ్డ ముందుకి జరిపే రోలర్ యంత్రాలు వచ్చాయి. ఉతకడం తప్పించడానికి మనిషి పడే పాట్లు!

ఈలోగా శాస్త్రవేత్తలకి మన ఫిల్టర్లే గనులయ్యాయి. మంచినీటి అక్వేరియాల్లో నైట్రైట్‌ని మార్చేది అందరూ అనుకున్న నైట్రోబాక్టర్ కాదు, నైట్రోస్పైరా అని 1998లో హొవానెక్ బృందం చూపింది. 2005లో సియాటిల్ అక్వేరియం కంకరలోంచి అమ్మోనియాని తినే ఆర్కియా అనే వేరే తెగ ప్రాణిని పట్టారు. 2015లో చేపల పెంపక వ్యవస్థ ఫిల్టర్లోంచే అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పని ఒక్కతే చేసే బాక్టీరియా దొరికింది. స్పాంజిని పిండితే వచ్చే గోధుమరంగు నీళ్లలో ఇంతమంది ఉన్నారన్నమాట.

ఆ సంగతి తెలియక మొదటి ఏడాది నేను చేసిన నిర్వాకం చెప్పాలి. మా తొట్టె సుమారు 70 లీటర్లు. రెండు గోల్డ్‌ఫిష్‌లు, తినడం, వదలడం తప్ప వేరే పని లేనివి. ఒక ఆదివారం స్పాంజిని వంటింటి కుళాయి కింద పెట్టి, తెల్లగా వచ్చేదాకా పిండి పిండి ఉతికాను. ఊలు కూడా పాతది పారేసి కొత్తది పెట్టాను. ఫిల్టర్ కొత్త పెళ్లికూతురిలా ఉంది. మూడోనాటికి నీరు కుడితి రంగుకి తిరిగింది, రెండు చేపలూ పైకి తేలి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. కుళాయి నీళ్లలోని క్లోరిన్, నా అతిశుభ్రం కలిసి కాపురాన్ని ఊడ్చేశాయి. పది రోజులు పూటపూటకీ నీళ్లు మారుస్తూ వాటిని గట్టెక్కించాను.

అప్పట్నుంచి ముందు తొట్టెలోంచే సగం బకెట్ నీళ్లు తోడి, అందులోనే స్పాంజి పిండుతాను. ముతకది వారానికోసారి, సన్నది రెండు వారాలకోసారి, రెండూ ఒకే రోజు మాత్రం కాదు. ఊలు ఉతకను, సగం సగంగా మారుస్తాను. పింగాణీ గుల్లల జోలికి నెలల తరబడి పోను. మూడు పిండులకి బకెట్లో నీళ్లు వానాకాలం గోదావరిలా అవుతాయి. వాటిని బాల్కనీలో కరివేపాకు మొక్కకి పోస్తాను. ఊరికి వెళ్లినప్పుడు అమ్మకి ఫోన్లో ఆ బకెట్ ఫోటో చూపించాను. కళ్లజోడు సవరించుకుని చూసి, "మడతల్లో ఉండిపోయింది, ఇంకోసారి పిండు" అంది.